అణుబాంబుల హిస్టరీ మీద పీహెచ్‌డీ చేస్తే బతుకుతెరువు ఉంటుందా?

ఈసీఐఎల్_చౌరస్తా

అందరికీ నమస్తే. కొంచెం వింత డౌటు, నవ్వకుండా చదవండి ప్లీజ్. నాకు 25, ఈసీఈలో బీటెక్, మూడేళ్ల నుంచి హైటెక్ సిటీలో టెస్టింగ్ జాబ్. 2023లో ప్రసాద్స్‌లో ఆపెన్‌హైమర్ సినిమా చూసొచ్చాక మా గ్యాంగ్ అంతా రెండ్రోజులు మాట్లాడుకుని మర్చిపోయారు, నేను మాత్రం అక్కడే ఇరుక్కుపోయా. బాంబు తయారీకి నాయకత్వం వహించిన ఆ ఆపెన్‌హైమర్ మీద జరిగిందని సినిమాలో చూపించిన 1954 విచారణ ఉంది కదా, దాని అసలు రికార్డు 2014లో పూర్తిగా బయటపెట్టారని తెలిసి అది డౌన్‌లోడ్ చేసుకుని రాత్రుళ్లు చదవడం మొదలుపెట్టా, అక్కణ్ణుంచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయి పోయి ఇప్పుడు ఆఫీసు మీటింగ్‌లో కూర్చున్నా బుర్ర న్యూ మెక్సికోలో బాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌లోనే తిరుగుతోంది.

ఇంకో సంగతి, నేను ఈసీఐఎల్ (అణుశక్తి శాఖ కింద ఉన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ) దగ్గరే పుట్టి పెరిగా. ఏ.ఎస్. రావు నగర్‌లో ట్యూషన్, అక్కడే బస్సు, అక్కడే పానీపూరీ. ఆ ఏ.ఎస్. రావు ఎవరో పోయినేడాది దాకా నాకు తెలీదంటే నమ్మండి. ఎవరో లోకల్ లీడర్ అనుకున్నా ఇన్నాళ్లూ. అయ్యగారి సాంబశివరావు గారట, పశ్చిమ గోదావరి మనిషి, భాభా దగ్గర పనిచేసి 1967లో ఈసీఐఎల్ పెట్టినాయన. మా వీధి బోర్డు మీదే అణుశక్తి చరిత్ర ఉంటే నేనెక్కడో న్యూ మెక్సికోలో వెతుకుతున్నా.

ఇప్పుడు అసలు ప్రశ్న. జాబ్ మానేసి హిస్టరీలో ఎంఏ చేసి తర్వాత అణ్వాయుధాల చరిత్ర మీద పీహెచ్‌డీ చేద్దామని ఉంది. ఇలాంటి ఉద్యోగం నిజంగా ఉంటుందా, రోజూ ఏం చేస్తారు, బీటెక్ పనికొస్తుందా, ఇలాంటివి వెతుకుతుంటే వీసా దగ్గరో పోలీసుల దగ్గరో ప్రాబ్లం రాదా? అమ్మకి చెప్తే "బాంబులకి చరిత్రేంటే, వేశారు, పోయారు, అంతేగా" అంది. నాన్న ఇంకా సింపుల్, "సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలి" అన్నారు.

పాత_కాగితాలు

ముందు మీ అమ్మగారికి జవాబు చెప్తా, ఎందుకంటే ఆ "వేశారు"కీ "పోయారు"కీ మధ్యలోనే మా ఫీల్డ్ అంతా ఉంది. (నేను అమెరికాలో సైన్స్ చరిత్రలో పీహెచ్‌డీ అయిదో ఏడు, మాది తెనాలి.)

1945 ఆగస్టు 10, అంటే నాగసాకి మీద వేసిన మర్నాడు, అమెరికా అణుబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రాజెక్టుని నడిపిన జనరల్ గ్రోవ్స్ తన పైవాడు జనరల్ మార్షల్‌కి ఒక నోట్ పంపాడు. టైప్ చేసిన చిన్న నోట్. తర్వాతి బాంబు అనుకున్నదానికంటే ముందే రెడీ అవుతోంది, ఆగస్టు 17 లేదా 18 తర్వాత వాతావరణం బాగున్న మొదటి రోజే వేయొచ్చు అని. చదివితే కొరియర్ స్టేటస్‌లా ఉంటుంది, డెలివరీ కొన్ని రోజులు ముందుకి జరిగింది అన్నట్టు. దాని కింద మార్షల్ చేత్తో రాసిన లైన్ ఉంటుంది, ప్రెసిడెంట్ స్పష్టంగా అనుమతి ఇస్తే తప్ప జపాన్ మీద దీన్ని వాడకూడదని. అంతే. ఆ చేతిరాత లైన్ దగ్గరే, బాంబు ఎప్పుడు వేయాలన్నది మిలటరీ చేతుల్లోంచి ప్రెసిడెంట్ చేతుల్లోకి పోయింది. అదే రోజు కేబినెట్ మీటింగ్‌లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఇంకో లక్షమందిని తుడిచిపెట్టడం అన్న ఆలోచనే భయంకరంగా ఉందన్నాడని, ఆ పిల్లల్నందర్నీ చంపడం తనకి ఇష్టం లేదన్నాడని వాణిజ్య మంత్రి వాలెస్ డైరీలో రాసుకున్నాడు. ఇప్పుడు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మరి మొదటి రెండు బాంబులకి ఆయన ఏమని అనుమతి ఇచ్చాడు? నాగసాకి మీద ఆ రోజే వేస్తారని ఆయనకి ముందే తెలుసా? దీని మీద 80 ఏళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు, ఇంకా తేలలేదు. ఆంటీకి ఇది చెప్పి చూడండి.

రోజూ చేసేది ఏంటంటే నిజం చెప్పాలంటే గుమాస్తా పనే. మేరీలాండ్‌లో కాలేజ్ పార్క్ అని ఉంది, అక్కడ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. బండి మీద పెట్టెలు వస్తాయి, బల్ల మీద ఒక్క పెట్టె, అందులోంచి ఒక్క ఫోల్డర్, అది మళ్లీ దాని చోటులో పెట్టాకే ఇంకోటి. వెళ్లేటప్పుడు మన కాగితాలు మొత్తం చెక్ చేస్తారు. మూడ్రోజులు కూర్చుంటే టీ ఖర్చుల లెక్కలు, ఫలానా కల్నల్‌కి కారు కావాలన్న ఉత్తరాలు, ఇవే. నాలుగో రోజు అసలు కాగితం ఉండాల్సిన చోట ఒక షీట్ కనబడుతుంది, ఇక్కడున్న డాక్యుమెంట్ తీసేశాం, రహస్యం, తేదీ ఇది, పేజీలు ఇన్ని అని. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడైతే సంతోషం, ఎందుకంటే ఏది అడగాలో వాళ్లే అడ్రస్ రాసిచ్చినట్టు. ఆ తేదీ పట్టుకుని రివ్యూ చేయమని అప్లికేషన్ పెడతాం, తర్వాత ఏళ్లు ఆగుతాం. ఏళ్లు అంటే నిజంగా ఏళ్లే.

వచ్చాక కూడా సగం నల్ల సిరా. కానీ ఇక్కడొక కిటుకు ఉంది, ఒకే కాగితం రెండు ఆఫీసుల్లో రెండు కాపీలు ఉంటుంది, ఇద్దరు వేరువేరు మనుషులు వేరువేరు ఏళ్లలో సిరా పూస్తారు, ఒకాయన దాచింది ఇంకొకాయన వదిలేస్తాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చదువుకోవడమే. 1971లో రక్షణ మంత్రి లెయిర్డ్ బహిరంగంగా చార్టు వేసి చూపించిన లెక్కలు, మినిట్‌మాన్ క్షిపణులు 1,000, టైటాన్-2 క్షిపణులు 54, ఇవి ఎప్పుడో పేపర్లలో వచ్చేసినవి, వాటినే తర్వాత ఎవరో పాత రికార్డుల్లో నల్ల సిరాతో కొట్టేశారు. 2006లో ఇది బయటపడి నవ్వులపాలైంది.

వీసా గురించి మరీ భయపడకండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి, రహస్య ఫైళ్లు చూసే క్లియరెన్స్ ఇస్తామన్నా చాలామంది చరిత్రకారులు వద్దంటారు. చూడొచ్చు సరే, తర్వాత రాసేదంతా వాళ్లకి చూపించి రాయాలి. చూసి నోరు మూసుకోవడం కంటే చూడకుండా ఊహించడమే నయం.

ఉద్యోగాల సంగతి రాత్రికి రాస్తా, ల్యాబ్‌లో పిల్లల పేపర్లు దిద్దాలి.

గచ్చిబౌలి_గోల

నాకు చరిత్ర గిరిత్ర తెల్వదు కానీ నూక్‌మ్యాప్ అని వెబ్‌సైట్ ఉంది చూడున్రి. మ్యాప్ మీద యాడ కావాలంటే ఆడ బాంబు పెట్టి చూస్కోవచ్చు. మా మేనేజర్ ఇల్లు టార్గెట్ పెట్టి హిరోషిమా సైజు 15 కిలోటన్నులు ఏసిన, మావోడి ఇల్లుతోపాటు నేను ఈఎంఐ కడ్తున్న ఫ్లాట్ గూడ పోయింది. అప్పట్నుంచి మేనేజర్‌తోని మంచిగుంటున్న.

పాత_కాగితాలు

@గచ్చిబౌలి_గోల నవ్వాపుకోలేకపోయా. కానీ అన్నా, అది చేసింది ఎవరనుకున్నారు? చరిత్రకారుడే. అలెక్స్ వెల్లర్‌స్టీన్, హార్వర్డ్‌లో సైన్స్ చరిత్ర పీహెచ్‌డీ, న్యూ జెర్సీలో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పేవాడు, 2012లో తనే కూర్చుని కోడ్ రాసి పెట్టాడు. దానికి లెక్కలు అమెరికా ప్రభుత్వమే అచ్చేసిన పాత పుస్తకాల్లోవి, రహస్యం ఏమీ లేదు. ప్రశ్న అడిగిన చెల్లాయికి ఇది పనికొచ్చే విషయం, మీ టెస్టింగ్ జాబ్ ఏమీ వేస్ట్ అవ్వదు. వేల పేజీల స్కాన్‌లని వెతుక్కునేలా చేయగలిగినవాళ్లు మా డిపార్ట్‌మెంట్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సరే ఉద్యోగాలు. దాచను, బాలేదు. యూనివర్సిటీల్లో హిస్టరీ పోస్టులే తక్కువ, అందులో అణ్వాయుధాలు అని యాడ్ ఇచ్చేవి ఇంకా తక్కువ, మనం సైన్స్ చరిత్ర అనో అంతర్జాతీయ సంబంధాలు అనో వేషం మార్చుకుని అప్లై చేయాలి. అమెరికా ఇంధన శాఖలోనూ విదేశాంగ శాఖలోనూ జీతానికి పనిచేసే చరిత్రకారులుంటారు కానీ ఆ కుర్చీలు వాళ్ల పౌరులకి. థింక్ ట్యాంకులకి డబ్బు ఇచ్చేవాళ్లలో పెద్ద చెయ్యి మెక్‌ఆర్థర్ ఫౌండేషన్, వాళ్లు ఈ రంగం నుంచి తప్పుకుంటున్నామని 2021లో చెప్పేశారు, ఆ దెబ్బ మా సీనియర్లకి ఇప్పటికీ తగుల్తూనే ఉంది. పైగా టైమ్. మీరు చూసిన సినిమాకి ఆధారమైన జీవితచరిత్ర ఉంది కదా, మార్టిన్ షెర్విన్ దానికి 1980లో ఒప్పుకున్నాడు, దాదాపు 50,000 పేజీలు పోగేశాడు, పోగేస్తూనే ఉన్నాడు కానీ రాయడు. 2000లో స్నేహితుడు కై బర్డ్ వచ్చి చెయ్యేస్తే 2005లో పుస్తకం వచ్చింది. పాతికేళ్లు. 2006లో పులిట్జర్ వచ్చిందనుకోండి, కానీ 2021లో ఆయన పోయాడు, సినిమా చూడలేదు.

లెక్కల_మాస్టారు

అమ్మా, అందరూ ఊరిస్తున్నారు కాబట్టి నేనొక్కణ్ణి చేదుమాట చెప్తాను. 30 ఏళ్లు ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పాను. ఫిజిక్స్ పునాది లేకుండా బాంబు చరిత్ర రాయడం అంటే సంగీతం రాకుండా త్యాగరాజు మీద థీసిస్ రాయడం లాంటిది. మీ ఈసీఈ సిలబస్‌లో న్యూక్లియర్ ఫిజిక్స్ ఎంత ఉందో నాకు తెలుసు. ముందు ఎంఎస్సీ చెయ్యండి, తర్వాత ఆలోచిద్దురు గాని.

పాత_కాగితాలు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నా. విస్కాన్సిన్‌లో జాన్ కోస్టర్-ముల్లెన్ అని లారీ డ్రైవర్ ఉండేవాడు, ఫోటోగ్రాఫర్ కూడా. హిరోషిమాకి 50 ఏళ్లు నిండుతున్నాయి, లిటిల్ బాయ్ (అక్కడ వేసిన బాంబు పేరు) బొమ్మలు చేసి అమ్ముకుందాం అని మొదలుపెట్టాడు. బొమ్మ కరెక్టుగా రావాలంటే కొలతలు కావాలి కదా, పాత ఫోటోలు తీసి స్కేలు పెట్టి కొలిచాడు, మ్యూజియంలలో ఉన్న ఖాళీ డొల్లల దగ్గరికి వెళ్లి కొలిచాడు, అప్పట్లో పనిచేసిన ముసలాళ్లని వెతికి పట్టుకున్నాడు. అప్పటిదాకా పెద్ద పెద్ద పుస్తకాలన్నీ ఏం రాశాయంటే, లోపల ఫిరంగి గొట్టంలో చిన్న గట్టి యురేనియం ముక్క తూటాలా వెళ్లి డొల్లగా ఉన్న పెద్ద ముక్కలోకి దూరుతుందని. ఈయన కొలతలతో లెక్కేసి, కాదు, డొల్లగా ఉన్న పెద్దదే వెళ్లి చిన్నదాన్ని తొడుక్కుంటుంది అన్నాడు. డిగ్రీ లేని డ్రైవరు చెప్పింది ప్రొఫెసర్లు ఒప్పుకుని దిద్దుకున్నారు. ఫిజిక్స్ అక్కర్లేదు అనట్లేదు, చదివింది అర్థమయ్యేంత కావాలి, అది దారిలో నేర్చుకోవచ్చు. కొలిచే ఓపిక మాత్రం ఏ ఎంఎస్సీలోనూ నేర్పరు.

లెక్కల_మాస్టారు

ఆ డ్రైవరు సంగతి నాకు తెలియదు. బాగుంది. అయినా ఎంఎస్సీ చేస్తే నష్టం లేదు అనే నా అభిప్రాయం.

ఢిల్లీ_దుమ్ము

అందరూ అమెరికా గురించే చెప్తున్నారు, ఇండియాలో ఉండి ఇండియా బాంబు మీద చేయాలంటే ఎలా ఉంటుందో నేను చెప్తా, ఇక్కడ నాలుగేళ్లుగా అదే పని. అక్కడ తీసేశాం అని షీటు పెడతారట, అదృష్టవంతులు. ఇక్కడ అసలు ఫైలు ఉందో లేదో కూడా చెప్పరు. 1962 అణుశక్తి చట్టంలోనే సమాచారం బయటికి పోకుండా ఆపే అధికారం పెట్టారు. పాతికేళ్లు దాటిన రికార్డులు నేషనల్ ఆర్కైవ్స్‌కి పంపాలని 1993 చట్టం ఉంది, విదేశాంగ శాఖ ఫైళ్లు బాగానే వచ్చాయి, అణుశక్తి శాఖవి కావాలంటే మాత్రం ఎదురుచూడాల్సిందే. సమాచార హక్కు కింద అడుగుదామంటే 20 ఏళ్లు దాటినవి ఇవ్వాలని 8(3)లో ఉంది, చదివి ఎగిరి గంతేశా, తర్వాత చూస్తే దేశ భద్రత, వ్యూహాత్మక, శాస్త్రీయ ప్రయోజనాల క్లాజు దానికి మినహాయింపు. ఒక ఆఫీసుకి 1960ల నాటి ఒక కమిటీ మినిట్స్ అడుగుతూ రెండు పేజీల అప్లికేషన్ పంపితే ఒకటిన్నర లైను జవాబు వచ్చింది, అందులో ఒక లైను నా అడ్రసు.

1974 మే 18 పోఖ్రాన్ గురించి అయితే అసలు కాగితాలే చాలా తక్కువ, నోటిమాట మీదే ఎక్కువ నడిపారని అందులో ఉన్నవాళ్లే తర్వాత చెప్పారు. మరి ఎలా రాస్తున్నారు అంటారా, చుట్టూ తిరిగి రావాలి. ఢిల్లీలో తీన్‌మూర్తి లైబ్రరీలో ఇందిరమ్మ సెక్రటరీ పి.ఎన్. హక్సర్ కాగితాలు ఉన్నాయి, ముంబైలో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వాళ్ల ఆర్కైవ్స్‌లో భాభావి ఉన్నాయి. తర్వాత అసలు నిధి విదేశాల్లో. ఆ 1974 పరీక్షకి ప్లుటోనియం వచ్చింది ట్రాంబేలోని సైరస్ రియాక్టర్ నుంచి, ఆ రియాక్టర్ ఇచ్చింది కెనడా, దాంట్లో వాడిన భారజలం ఇచ్చింది అమెరికా. కాబట్టి మన వాళ్లు ఏం మాట్లాడారో కెనడా వాళ్లు రాసుకున్నారు, అది ఒట్టావాలో ఉంది, బ్రిటిష్ వాళ్లు రాసుకున్నది లండన్‌లో క్యూ (Kew) అనే చోట వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. మన ఇంటి గొడవ పక్కింటివాళ్ల డైరీలో చదువుకున్నట్టు. ఇందులో చిక్కేంటంటే పక్కింటావిడ తనకి వినబడినంతే రాస్తుంది, తన కోపం కూడా కలిపి రాస్తుంది, ఆ సంగతి మర్చిపోయి అదే వేదం అనుకుని రాసినవి నేను చాలానే చదివా.

డబ్బు గురించి, యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. మీ సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకోకండి, కడుపు మండుద్ది. జేఆర్‌ఎఫ్ రాకపోతే మాత్రం జాబ్ మానొద్దు, ఇది మాత్రం ఒట్టేసి చెప్తున్నా. నాతో చేరినవాళ్లలో ఇద్దరు మూడో ఏడే కోచింగ్ సెంటర్లలో చేరిపోయారు.

రిటైరైన_బాబాయ్

చాలాసేపటి నుంచి చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అని. అమ్మాయీ, నేను మీ ఏరియాలోనే ఒక ప్రభుత్వ సంస్థలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఏ సంస్థ అనేది అనవసరం. మేము చేసిన పెట్టెలు ఎక్కడికి వెళ్తాయో మాకూ తెలిసేది కాదు, అడిగేవాళ్లం కాదు. 1998 మే 11 సాయంత్రం టీవీలో వాజ్‌పేయి గారు చెప్తుంటే మా సెక్షన్‌లో ఒకాయన లేచి నిలబడి చప్పుడు చేయకుండా బయటికి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో, ఆయన పనికీ దానికీ ఏమన్నా సంబంధం ఉందో లేదో, ఈ రోజుకీ నాకు తెలీదు. ఆయన పోయి ఆరేళ్లయింది.

సంతకాలు పెట్టాం కాబట్టి చెప్పకూడనివి చెప్పం, మీరూ అడగొద్దు. కానీ చెప్పదగ్గవి బోలెడు ఉన్నాయి, ఎవరూ అడగలేదు. ఏ.ఎస్. రావు గారు ఇంజినీర్లని ఎలా తిట్టేవారు, బయటి దేశం వాళ్లు మాకు పార్టులు ఇవ్వం అంటే మేము ఏం తిప్పలు పడ్డాం, క్యాంటీన్‌లో ఏం మాట్లాడుకునేవాళ్లం, ఇందులో రహస్యం ఏముంది. మా రిటైర్డ్ బ్యాచ్‌లో పోయినేడు నలుగురు పోయారు. ఒకాయన డైరీలు వాళ్ల అబ్బాయి పాతపేపర్లతో పాటు తూకానికి వేశాడు, నాకు తెలిసేసరికి ఆటో వెళ్లిపోయింది.

ఢిల్లీ_దుమ్ము

బాబాయ్ గారూ ఆ డైరీల ముక్క చదివి నాకు అన్నం సయించలేదు. ఈసీఐఎల్ చౌరస్తా గారూ, మీరు ఎంఏ అప్లికేషన్ తర్వాత పెట్టుకోండి ముందు రికార్డర్ పట్టుకుని వెళ్లండి. ఒకటే జాగ్రత్త, మొదటే కాగితం మీద రాసుకోండి, ఏవి అడగను, రికార్డింగ్ ఎక్కడ ఉంటుంది, వద్దంటే ఎప్పుడైనా చెరిపేస్తాను అని, సంతకం తీసుకోండి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఇంకా బతికే ఉంది, పెద్దవాళ్లని ఇబ్బందిలో పెట్టకూడదు.

పాత_కాగితాలు

+1. పైగా అప్లికేషన్‌లో "నాకు ఆసక్తి ఉంది" అని రాసేవాళ్లు వందమంది. "మా వీధిలో పన్నెండు మందితో మాట్లాడాను, ఇవిగో" అని రాసేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. జాబ్ చేస్తూనే శని ఆదివారాలు చేయొచ్చు కాబట్టి మీ నాన్నగారికి కూడా చెప్పేపని లేదు ఇప్పట్లో.

ఈసీఐఎల్_చౌరస్తా

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, రెండు రోజులు ఆఫీసులో రిలీజ్ ఉండి లేట్ అయింది. జాబ్ మానట్లేదు, నెట్‌కి అప్లై చేశా, మాస్టారూ మీ మాట కూడా విని రాత్రిపూట న్యూక్లియర్ ఫిజిక్స్ పాఠాలు మొదలెట్టా, రెండో చాప్టర్లోనే ఉన్నా, తిట్టకండి.

అమ్మకి ఆ మార్షల్ చేతిరాత స్కాన్ ఫోన్లో చూపించా. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి "చక్కగా రాశాడే, తొందర్లో రాసినట్టు లేదు" అంది. తర్వాత కూర తాలింపు మాడిపోతోందని వెళ్లిపోయింది, మళ్లీ వచ్చి "మరి మూడోది వెయ్యలేదా" అని అడిగింది. దాని మీద గంట మాట్లాడుకున్నాం.

రిటైరైన బాబాయ్ గారికి పర్సనల్ మెసేజ్ పెట్టా. నిన్న రాత్రి జవాబు వచ్చింది, ఆదివారం పదింటికి రమ్మన్నారు. ఫోన్ బయట షూ స్టాండు మీద పెట్టి లోపలికి రావాలట, నోట్‌బుక్కు తెచ్చుకోవచ్చట, పెన్ను మాత్రం ఆయనే ఇస్తారట. పాత కాగితాలు గారూ, మీ కాలేజ్ పార్క్‌కి తక్కువేం కాదు మా కుషాయిగూడ.